వదలని బాణం

మిషిగన్‌లో తుపాకీతో జింకల్ని వేటాడే ప్రధాన సీజన్ 16 రోజులే. నవంబరు 15న మొదలై 30తో అయిపోతుంది. విల్లు పట్టినవాళ్ళకి మాత్రం అక్టోబరు 1 నుంచి నవంబరు 14 దాకా ఒకసారి, డిసెంబరులో మళ్ళీ ఇంకోసారి ఉంటుంది. విల్లుకి జింక చిక్కడం కష్టం, అందుకని ఎక్కువ రోజులు. అట్లాంటిక్ దాటి బ్రిటన్‌కి వెళ్తే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ తగిన అనుమతులుంటే తుపాకీతో జింకని కాల్చవచ్చు. విల్లుతో కొడితే నేరం. బాణం దెబ్బ తిన్న జంతువు వెంటనే చావకుండా బాధపడుతుందని అక్కడి వాదన. జర్మనీలోనూ దాదాపు ఇంతే. ఇక మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు విల్లయినా తుపాకీ అయినా ఒకటే. అడవి జింక జోలికి పోకూడదు.

మూడు చట్టాలూ జంతువు మేలు కోరే మాట్లాడుతున్నామంటాయి. తప్పించుకునే అవకాశం ఇవ్వడం న్యాయమని మొదటిది అంటుంది. ఎలాగూ చంపుతున్నప్పుడు త్వరగా చంపడం న్యాయమని రెండోది అంటుంది. అసలు చంపకపోవడమే న్యాయమని మూడోది. ఆ మూడోదాన్ని కాసేపు పక్కన పెడతాను. అది తప్పని కాదు, దానికి మళ్ళీ వస్తాను. ముందు ఆ మొదటి రెంటి మధ్య తగాదా ఏమిటో చూడాలి. ఎందుకంటే సంప్రదాయ విల్లుతో వేటాడేవాళ్ళు తమ గురించి తాము చెప్పుకునే గొప్ప అంతా అక్కడే ఉంది. మేం సులువైన దారి వదిలేశాం, జంతువుకి సమానంగా అవకాశం ఇచ్చాం, కాబట్టి మా వేట మిగతావాళ్ళ వేట కంటే నీతిగలది అంటారు. కష్టమైన పనిముట్టు ఎంచుకుంటే చంపడం నీతిగా మారుతుందా?

నేను వేటగాణ్ణి కాను. ఐదేళ్ళుగా ఇక్కడి ఒక క్లబ్బులో వారానికి రెండు సాయంత్రాలు రికర్వ్ విల్లుతో గడ్డిమోపులకి తగిలించిన కాగితాల్ని కొడుతుంటాను, అంతే. కాకపోతే ఆ క్లబ్బులో సగం మంది వేటగాళ్ళు. వాళ్ళతో కలిసి మంచె మీద కూర్చున్నాను, వాళ్ళు వండింది తిన్నాను, ఒకసారి నెత్తుటి జాడ వెంట నడిచాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకంలోంచి వచ్చింది కాదు.

ముందు ఆ పనిముట్టు సంగతి. సంప్రదాయ విల్లు అంటే లాంగ్‌బో, రికర్వ్. కర్రో, కర్రా ఫైబర్ గ్లాసూ కలిపిన పొరలో, ఒక నారి. అంతే. 1960ల్లో మిస్సౌరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ విల్లు కొసలకి కప్పీలు బిగించి కాంపౌండ్ విల్లు తయారుచేశాడు, 1969లో పేటెంటు వచ్చింది. ఆ విల్లుని పూర్తిగా లాగాక బరువులో పెద్ద భాగం కప్పీలే మోస్తాయి. తాపీగా నిలబడి గురి చూసుకోవచ్చు. రికర్వ్‌లో ఆ సుఖం లేదు. ఎంత లాగితే అంత బరువు. 45 పౌన్ల విల్లుని చెంప దాకా లాగి పట్టుకుంటే కాసేపట్లోనే భుజం వణుకు మొదలవుతుంది. గురి చూడటానికి పిన్నులూ అద్దాలూ ఉండవు. రాయి విసిరే పిల్లాడు దేన్ని చూసి విసురుతాడో మనమూ దాన్నే చూసి వదలాలి.

ఇంజనీరు బుద్ధి కాబట్టి ఒకరోజు లెక్క వేసుకున్నాను. నా విల్లు నుంచి బాణం సెకనుకి సుమారు 170 అడుగులు పోతుంది. జింక 60 అడుగుల దూరంలో, అంటే 20 గజాల్లో ఉందనుకుందాం. బాణం చేరడానికి 0.35 సెకన్లు. నారి మోత సెకనుకి 1100 అడుగుల పైన వేగంతో వెళ్తుంది కాబట్టి 0.05 సెకన్లలో దాని చెవిన పడుతుంది. మిగిలిన 0.3 సెకన్లు జింకవి. తెల్లతోక జింక ఉలిక్కిపడితే గెంతడానికి ముందు కాళ్ళు మడిచి కిందికి కుంగుతుంది. ఊపిరితిత్తులకని వదిలిన బాణం వీపు మీంచి పోవచ్చు, లేదా తగలకూడని చోట తగలచ్చు. దూరం 40 గజాలైతే ఆ వ్యవధి రెట్టింపు. వేట తుపాకీ గుండు సంగతి వేరు. అది శబ్దం కన్నా ముందే చేరుతుంది. జింక వినేలోపు అయిపోతుంది.

అందుకే సంప్రదాయ విల్లు పట్టినవాళ్ళు 20 గజాల లోపలికి వస్తేగానీ వదలకూడదని పట్టుబడతారు. 20 గజాలంటే పెద్ద దూరం కాదు. అంత దగ్గరగా వచ్చిన జింక ఊపిరి చలిలో పొగలా కనపడుతుంది. దాని చెవి ఎటు తిరిగిందో, ముక్కు ఎప్పుడు తడుముకుందో తెలుస్తుంది. గాలి మనవైపు నుంచి దానివైపు మళ్ళిందా, అయిపోయినట్టే. ఒక నవంబరు ఉదయం నేను ఊరికే తోడుగా మంచె మీద మూడు గంటలు కూర్చున్నాను. రెండు ఆడ జింకలు మా కిందనుంచే నడిచి వెళ్ళాయి. పక్కనున్నాయన విల్లు ఎత్తలేదు. ఎందుకని తర్వాత అడిగితే, మొదటిది నా వైపే చూస్తోంది, రెండోదాని ముందు కొమ్మ అడ్డం ఉంది అన్నాడు. ఆ సీజన్ మొత్తంలో ఆయన వదిలిన బాణాలు రెండు. మంచె ఎక్కిన రోజులు ఇరవై పైనే.

ఇదంతా నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే అనుమానం మొదలైంది.

అమెరికాలో ఈ వేటకి ఒక మూలపురుషుడున్నాడు. ఆయన సరదాకి విల్లు పట్టినవాడు కాదు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ ఊరి బయట ఒక కబేళా దగ్గర, ఆకలితో ఒంటరిగా, దాదాపు యాభై ఏళ్ళ మనిషి దొరికాడు. యాహి తెగవాడు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడుతూ ఆ తెగని తుపాకులతో వెంటాడి చంపారు. మిగిలిన గుప్పెడు మంది మిల్ క్రీక్, డీర్ క్రీక్ లోయల్లో నలభై ఏళ్ళ పాటు దాక్కుని బతికారు. చివరికి ఇతనొక్కడే మిగిలాడు. తన పేరు తను చెప్పుకోవడం వాళ్ళ ఆచారం కాదు. అందుకని మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అతన్ని ‘ఇషి’ అన్నాడు. వాళ్ళ భాషలో మనిషి అని అర్థం. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం వారి మ్యూజియంలో ఉంచారు. పక్కనే ఆసుపత్రి. అందులో సర్జన్ సాక్స్‌టన్ పోప్. ఇద్దరికీ స్నేహం కుదిరింది. పోప్ అతని దగ్గర విల్లు చెయ్యడం, బాణం చెక్కడం, వేటాడటం నేర్చుకున్నాడు.

పోప్ రాసిపెట్టిన వివరాలు చదవదగ్గవి. ఇషి విల్లు జూనిపర్ కర్రది, వెనకవైపు జంతువుల నరాలు అతికించింది. అలుగులు అబ్సిడియన్ రాతితోనూ, దొరికినప్పుడు సీసా పెంకులతోనూ చెక్కేవాడు. మైదానంలో గురిపలకల్ని కొట్టమంటే అంత గొప్పగా కొట్టేవాడు కాదు. అడవిలో మాత్రం వేరే మనిషి. వేటకి ముందు స్నానం చేసేవాడు, పొగ తాగేవాడు కాదు. వేళ్ళని పెదాలకి ఆనించి ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తే, బాధలో ఉన్న కుందేలు అరుపనుకుని జంతువులు దగ్గరికొచ్చేవి. అతని ప్రతిభ బాణం వెయ్యడంలో కంటే జంతువుకి దగ్గరవడంలో ఉంది.

ఇషి వాళ్ళకి విల్లు ఎందుకు ముఖ్యమో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. దాక్కున్నవాళ్ళు తుపాకీ పేల్చలేరు. పేలిస్తే లోయంతా వినపడుతుంది. విల్లు నిశ్శబ్దం. ఇషి దృష్టిలో విల్లంటే తిండి, విల్లంటే ప్రాణరక్షణ. జింకకి సమాన అవకాశం ఇద్దామని అతను విల్లు పట్టలేదు. తన దగ్గరున్న అన్నిటికన్నా మంచి పనిముట్టుని అన్నిటికన్నా బాగా వాడాడు.

పోప్ చేతికి వచ్చేసరికి అదే విల్లు వేరే వస్తువయింది. పోప్ దగ్గర తుపాకీ కొనడానికి డబ్బుంది, తినడానికి తిండుంది. విల్లు ఎంచుకున్నాడు. 1920లో ఆర్థర్ యంగ్‌తో కలిసి, ఒక మ్యూజియం కోసం అనుమతి తీసుకుని, ఎల్లోస్టోన్‌లో గ్రిజ్లీ ఎలుగుల్ని బాణాలతో కొట్టాడు. 1923లో విల్లంబుల వేట మీద పుస్తకం రాశాడు. 1925లో ఆఫ్రికా వెళ్ళి సింహాల మీద ప్రయత్నించాడు. 1961లో పుట్టిన విల్లు వేటగాళ్ళ సంఘానికి ఆ ఇద్దరి పేర్లే పెట్టారు, పోప్ అండ్ యంగ్ క్లబ్ అని. పేరులో ఇషి లేడు. 1916లో క్షయతో పోయాడు. శవాన్ని కొయ్యొద్దని క్రోబర్ కోరినా కోశారు. మెదడు వేరు చేసి స్మిత్సోనియన్‌కి పంపారు. 2000లోగానీ అది అతని బంధు తెగల చేతికి రాలేదు. అంత దగ్గరగా మసిలిన స్నేహితులున్న మనిషికి ఇలా జరిగింది. దగ్గరితనం దానంతటదే మనల్ని మంచివాళ్ళని చెయ్యదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ వెతకను.

ఇషికి అవసరమైన విల్లు పోప్‌కి నియమం. ఈ తేడా పట్టుకుంటే మన ప్రశ్నకి దారి దొరుకుతుంది.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ‘ద గ్రాస్‌హాపర్’ అనే పుస్తకంలో ఆట అంటే ఏమిటో చెప్పే ప్రయత్నం చేశాడు. నా మాటల్లో దాని సారాంశం ఇది. దగ్గరి దారి ఉండగా దాన్ని కాదనుకుని, అవసరం లేని అడ్డంకులు మనకి మనమే పెట్టుకుని, వాటిని దాటడమే ఆట. క్యారమ్స్‌లో కాయని వేళ్ళతో తీసి గుంటలో వెయ్యచ్చు. వెయ్యం. స్ట్రైకర్‌తోనే కొడతాం. ఆ వెయ్యకపోవడంలోంచే ఆట పుడుతుంది. ఈ లెక్కన పోప్ చేసింది ఆట. ఇషి చేసింది పని. ఇప్పుడు అక్టోబరులో మిషిగన్ అడవుల్లో చెట్లెక్కి కూర్చునేవాళ్ళు చేస్తున్నది, ఎంత శ్రద్ధగా చేసినా, ఆట.

ఆట కావడం తప్పు కాదు. చిక్కు ఎక్కడంటే, న్యాయమనే మాటని ఆటలోంచి తెచ్చి వేటలో పెడుతున్నారు. ఆటలో న్యాయం ఇద్దరికీ నియమాలు తెలిసి, ఇద్దరూ ఒప్పుకుంటే వస్తుంది. నేను పిల్లాడితో ఎడమచేత్తో బాడ్మింటన్ ఆడితే వాడికి అవకాశం ఇచ్చినట్టు. వాడికి ఆ సంగతి తెలుసు, ఓడినా వాడికి పోయేదేం లేదు. జింక ఈ ఆటకి ఒప్పుకోలేదు. అది ఆటని కూడా దానికి తెలీదు. దానికి తెలిసిందల్లా బతకడం. పైగా పోప్ సర్జన్. ఆపరేషన్ థియేటర్లో మొద్దుబారిన కత్తి తీసుకుని, ఇలాగైతే నాకు కష్టం, ఇదే న్యాయం అని ఏ సర్జనూ అనడు. అక్కడ పని చెయ్యాల్సింది ఎదుటి శరీరం మీద కాబట్టి, తన కష్టం గొప్ప కాదు. ఆ శరీరానికి తక్కువ బాధ కలిగించడమే గొప్ప. బాణం కూడా శరీరం మీదే పనిచేస్తుంది. గుండులా దెబ్బతో కూల్చదు. కోసి, నెత్తురు పోయేలా చేసి చంపుతుంది. రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోతే జింక కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. నాలుగంగుళాలు వెనక తగిలితే గంటలు పడుతుంది.

అంటే మనం మన మీద పెట్టుకున్న కష్టంలో ఒక వాటా దానికి పంచుతున్నాం.

దీనికి వేటని సమర్థించేవాళ్ళ దగ్గర జవాబు లేకపోలేదు. స్పానిష్ తత్వవేత్త ఒర్తేగా ఇ గాసెత్ 1942లో ఒక వేట పుస్తకానికి రాసిన పెద్ద ముందుమాటలో, మనిషి తన శక్తిని తనే తగ్గించుకోకపోతే అది వేట కాదు, నిర్మూలన అవుతుందని వాదించాడు. ఇది నిజమే. 1887లో రూజ్వెల్ట్ మొదలైనవాళ్ళు బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టి ‘ఫెయిర్ చేజ్’ అనే మాటకి ప్రచారం తెచ్చిన కాలానికి, అమెరికాలో తుపాకులు మందలకి మందల్నే తుడిచిపెట్టేశాయి. ఆ రోజుల్లో చేతిని వెనక్కి లాక్కోవడం మంచి పనే. 1934లో విస్కాన్సిన్ విల్లుకి ప్రత్యేకంగా సీజన్ ఇచ్చినప్పుడూ ఇదే ఆలోచన. ఎక్కువ మంది అడవిలోకి వెళ్ళచ్చు, తక్కువ జింకలు చస్తాయి.

ఇక్కడే నాకు ఆ రెండు చట్టాల తగాదా విడిపోయింది. వాళ్ళు ఒకే జంతువు గురించి మాట్లాడటం లేదు. మిషిగన్ మంద గురించి మాట్లాడుతోంది. బ్రిటన్ ఈ ఒక్క జింక గురించి మాట్లాడుతోంది. విల్లు ఇచ్చే అవకాశం మందకి. ఆ అవకాశానికి ధర కట్టేది, బాణం తప్పుగా తగిలిన ఆ ఒక్కటి. గాయపడి దొరకకుండా పోయే జింకలు ఎన్ని అనే లెక్క మీద వేటగాళ్ళకీ వాళ్ళ విమర్శకులకీ దశాబ్దాలుగా వాదన నడుస్తూనే ఉంది. ఎన్నయినా కానివ్వండి, ఆ సంఖ్య సున్నా అని ఎవరూ అనడం లేదు.

ఆ సున్నా కానిదాన్ని నేను ఒకసారి వెతికాను.

రెండేళ్ళ క్రితం అక్టోబరు చివర్లో, చీకటి పడుతుండగా, మంచె మీద నన్ను కూర్చోబెట్టుకున్న ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. జింకని కొట్టాను, వెతకడానికి వస్తావా అని. ఆయనకి అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా లాంగ్‌బో. నేను వెళ్ళేసరికి ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు, బాణం పక్కనే కాగితం మీద పెట్టి ఉంది. 18 గజాలు, జింక ప్రశాంతంగా నిలబడి ఉంది, కొమ్మ అడ్డం లేదు. వదిలిన క్షణానికి ఒక అడుగు ముందుకేసింది. బాణం నా చేతికిచ్చి వాసన చూడమన్నాడు. ఊపిరితిత్తుల నెత్తురైతే గులాబీ రంగులో, నురగతో ఉంటుంది. ఇది నల్లగా, ఆకుపచ్చ మరకలతో, పేగుల వాసన వేస్తోంది.

ఇప్పుడు వెతక్కూడదు అన్నాడు. పేగులకి దెబ్బ తగిలిన జింక వెంట ఎవరూ పడకపోతే దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. వెంటపడితే లేచి మైళ్ళు పోతుంది. కాబట్టి దాని మంచికోసమే తెల్లారేదాకా ఆగాలి. ఆ రాత్రి వంటింట్లో కూర్చున్నాం. సూప్ వేడి చేసి నాకిచ్చి తను తినలేదు. అర్ధరాత్రి దాటాక దూరంగా కయోటీలు అరిచాయి. ఇద్దరం విన్నాం. ఎవరం ఏమీ అనలేదు.

ఆరింటికి బయల్దేరాం. నెత్తుటి చుక్కలు ఆకుల మీద మినపగింజంత, కొన్ని చోట్ల అంత కూడా లేవు. చుక్క కనపడ్డ ప్రతి చోటా కొమ్మకి టిష్యూ కాగితం ముక్క తగిలిస్తూ ముందుకెళ్ళాం. 150 గజాల దగ్గర అది పడుకున్న చోటు దొరికింది. గడ్డి అణిగిపోయి, మధ్యలో నెత్తురు గడ్డకట్టి ఉంది. అక్కణ్ణుంచి వాగు దాకా జాడ ఉంది, వాగు దాటాక లేదు. మధ్యాహ్నం రెండు దాకా వెతికాం. మోకాళ్ళ మీద పాకి కూడా వెతికాడాయన. వెనక్కి తిరిగి చూస్తే చెట్ల మధ్య తెల్ల కాగితాల వరస, మెలికలు తిరుగుతూ వచ్చి, వాగు దగ్గర ఆగిపోయింది. జింక దొరకలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని గురించి చెప్పాలి. ఆయన దగ్గర ఆ సీజన్‌కి ఒక జింకకి లైసెన్సు ఉంది. చట్టప్రకారం జింక చేతికి చిక్కితేనే ట్యాగ్ కట్టాలి. దొరకనిదానికి ట్యాగ్ లేదు, ఇంకోదాన్ని వేటాడచ్చు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, ఆ ట్యాగ్ తీసి తేదీ దగ్గర గంటు పెట్టి, వంటింటి కాలెండరు వెనక దోపాడు. సీజన్ ఇంకా నెల రోజులుంది. నీకిది అవసరం లేదు కదా అన్నాను. దొరకనంత మాత్రాన నేను చంపనట్టు కాదు కదా అన్నాడు. విల్లుకి నారి విప్పేశాడు. ఆ ఏడు మళ్ళీ ఎక్కించలేదు.

ఆల్డో లియోపోల్డ్, తన విల్లు తనే చేసుకుని వేటాడిన పర్యావరణవేత్త, వేటగాడి గురించి ఒక గమనింపు చేశాడు. చప్పట్లు కొట్టడానికీ తప్పు పట్టడానికీ వేటగాడి చుట్టూ ప్రేక్షకులు ఉండరు, కాబట్టి అతని నడవడిక అతని మనస్సాక్షి మీదే ఆధారపడుతుందని. నేనక్కడ లేకపోయినా ఆయన ఆ గంటు పెట్టేవాడే. ఆ గంటులో నాకు కనిపించింది న్యాయం కాదు. ఆ జింకకి ఏ న్యాయమూ జరగలేదు. కనిపించింది లెక్క. తను ఎంచుకున్న కష్టం ఎవరి మీద పడిందో ఆయన రాసుకున్నాడు.

మన కథల్లో వేట నీతి ఎక్కడుందా అని ఆ తర్వాత వెతుక్కున్నాను. ఎవరి విల్లు బరువైనది, ఎవరు ఎంత దూరం కొట్టారు అన్నది పరాక్రమం ఖాతాలోకి వెళ్తుంది. నీతి వచ్చేసరికి ప్రశ్న ఎప్పుడూ బాణం వదిలిన క్షణం గురించే. దశరథుడు శబ్దం విని కొట్టగల నేర్పరి. చీకట్లో నీళ్ళ చప్పుడు విని ఏనుగనుకుని వదిలాడు. కడవ ముంచుతున్న మునికుమారుడు పడిపోయాడు. నేర్పులో లోపం లేదు, బాణం సరిగ్గా తగిలింది. చూడకుండా వదలడం లోపం. ఆదిపర్వంలో పాండురాజు జంటగా ఉన్న జింకల్ని కొట్టాడు. జింక రూపంలో ఉన్న కిందముడు పడిపోయి వాదనకి దిగాడు. రాజులు మృగాల్ని వేటాడటం ధర్మమేనని పాండురాజు అన్నాడు. వేటాడావని నేననడం లేదు, ఆ సమయంలో ఆగలేకపోయావు, అది క్రూరత్వం అని జింక జవాబు. చావబోయే జంతువు వేటగాడితో నీతి చర్చ చేసి, వేటని ఒప్పుకుంటూనే వేటగాణ్ణి తప్పు పట్టడం నాకు చాలా వింతగా, చాలా సరిగ్గా అనిపిస్తుంది. దానికి విల్లు ఎంత కష్టమో అనవసరం. ఆగాల్సిన చోట ఆగావా అన్నదే కావాలి.

భాష కూడా ఒక సంగతి చెబుతుంది. గోదావరి వైపు వేట మాంసం అంటే మేక మాంసం. ఇంట్లో పెళ్ళయితే వేట కోశాం అంటారు. అందులో తరిమింది లేదు, మాటు వేసింది లేదు, తాడు కట్టి పెరట్లో నిలబెట్టిందే. అడవి పోయింది, మాట మిగిలింది. వేటని విమర్శించినప్పుడల్లా క్లబ్బులో నాకు ఎదురయ్యే ప్రశ్న, నువ్వు తినే కోడిని ఎవరు చంపారు, ఎలా చంపారు అని. నిజమే, నాకు తెలీదు. ప్లాస్టిక్ కవర్లో వస్తుంది. ఈ వాదనతో నా అప్పు రుజువవుతుంది, ఒప్పుకుంటాను. కానీ నా అప్పు ఆయనకి జమ కాదు. నేను చూడకుండా తినడం తప్పయితే, చూస్తూ చంపడం దానంతటదే ఒప్పయిపోదు.

ఇప్పుడు పక్కన పెట్టిన మూడో చట్టం దగ్గరికి. మాది మార్కాపురం వైపు. నల్లమల నుంచి తేనె తెచ్చే చెంచుల భుజాన విల్లు చిన్నప్పుడు చూశాను. 1943లో అచ్చయిన తన పుస్తకంలో హైమెండార్ఫ్, చెంచుల తిండిలో వేటకంటే దుంపలు, పళ్ళు, ఏరుకొచ్చుకునేవాటిదే పెద్ద పాత్ర అని రాశాడు. అంటే మనం విల్లుతోపాటు ఊహించుకునే ఎడతెగని వేట వాళ్ళ బతుకులో ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఆ అడవి పులుల అభయారణ్యం. చట్టం ముందు చెంచు విల్లూ, వినోదానికి జీపులో వచ్చే తుపాకీ ఒకటే నేరం. జంతువుల కోసం ఆ చట్టం కావాలి, నాకు అనుమానం లేదు. కానీ అవసరానికి పట్టిన విల్లుకి అక్కడ చోటు లేకపోవడం, ఆటకి పట్టిన విల్లుకి ఇక్కడ నెలన్నర సీజను, వెయ్యి డాలర్ల ధర, క్లబ్బు ఉండటం చూస్తే, కష్టమైన పనిముట్టు ఎంచుకోవడం అన్నది ముందు ఎంచుకోగలిగినవాళ్ళ సంగతి అని అర్థమవుతుంది. ఇషికి ఆ ఎంపిక లేదు. అతని నుంచి విద్య తీసుకున్నవాళ్ళు ఎంపికని కలుపుకుని, దానికి నీతి అని పేరు పెట్టారు.

అయితే విల్లులో ఏమీ లేదా అంటే, ఉంది. ఆ మూడు గంటలు మంచె మీద నేను చూసినదాన్ని కాదనలేను. తుపాకీ దూరాన్ని తుడిచేస్తుంది. విల్లు తుడవదు. దూరాన్ని మనమే నడవాలి. నడిచాక ఎదురుగా కనపడేది గురి కాదు, ఒక జంతువు. అప్పుడు వదలకుండా ఉండటానికి కావలసినంత సమాచారం మన కళ్ళ ముందు ఉంటుంది. విల్లు ఇచ్చేది ఇంతే. అది జంతువుకిచ్చే అవకాశం కాదు, మనిషికిచ్చే అవకాశం. ఇరవై రోజుల్లో రెండు బాణాలు వదిలినవాడు దాన్ని వాడుకున్నాడు. వాడుకోనివాడి విషయంలో బ్రిటన్ చట్టమే సరైనది. వాడి చేతిలో విల్లు ఉండకూడదు. ఇక వాడుకున్నవాడికైనా దక్కేది మెప్పు కాదు. అన్నీ చూసుకుని 18 గజాల్లో వదిలినా జింక ఒక అడుగు ముందుకెయ్యచ్చు, ఆ అడుగుకి బాధ్యుడు తనే.

ప్రతి సెప్టెంబరులోనూ ఆయన నన్ను లైసెన్సు తీసుకోమంటాడు. వేటగాళ్ళు గురి పరీక్షించుకోవడానికి పేపరు ప్లేటు పెట్టుకుంటారు, జింక ఊపిరితిత్తులు, గుండె ఉండే జాగా సుమారుగా అంత ఉంటుందని. పోయిన ఆదివారం 20 గజాల్లో పది బాణాలు వేశాను. ఎనిమిది ప్లేటులో పడ్డాయి. క్లబ్బులో మెచ్చుకున్నారు. నేను గడ్డిమోపు దగ్గరికి వెళ్ళి మిగతా రెండూ పీకాను. ఒకటి ప్లేటు అంచుకి రెండంగుళాల పైన, ఇంకోటి నాలుగంగుళాలు వెనక. ఈ ఏడు కూడా లైసెన్సు తీసుకోవడం లేదు.